వెనక వరుసల దీపాలు

"ఇంకోసారి చదువమ్మా," అన్నాడు ఏసయ్య.

జ్యోత్స్న చేతిలోని కాగితం దించింది. ఒకసారి చదివింది చాలదా అన్నట్టు మామ వైపు చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. పక్కన స్టూలు మీద పెట్టిన నీళ్లగ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆళ్లగడ్డలో పొద్దున్నే బస్సెక్కి నంద్యాలలో కొడుకు ఇంటికి వచ్చి గంట దాటింది. ఇంతవరకూ చెప్పులు కూడా విప్పలేదు. వాకిలి దగ్గరే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాడు.

తిమోతి వంటింటి గుమ్మానికి ఆనుకొని నిలబడ్డాడు. కూర్చోమని అతన్ని ఎవరూ అనలేదు.

ఉత్తరం హైదరాబాదు నుంచి, తిమోతి పనిచేసే విమానాల మరమ్మతు కంపెనీ నుంచి వచ్చింది. నంద్యాలకే వచ్చి ఉంటే తిమోతి దాన్ని ఎవరి కంటా పడనిచ్చేవాడు కాదు. ఉద్యోగంలో చేరినప్పుడు రాసిచ్చిన సొంత ఊరి చిరునామాకు రిజిస్టరు పోస్టులో పోయింది. ఏసయ్యకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కొడుకు పేరూ, కింద ఎర్ర ముద్రా మాత్రం అర్థమయ్యాయి. ఊళ్లో ఇంకొకరి చేత చదివించుకోవడానికి మనసొప్పక, మడిచి జేబులో పెట్టుకొని, భార్య శాంతమ్మకు కూడా చెప్పకుండా కోడలి దగ్గరికి వచ్చాడు.

జ్యోత్స్న మళ్లీ మొదలుపెట్టింది. ఒక్కొక్క వాక్యం లోపల చదువుకొని తెలుగులో చెబుతోంది.

"పోయిన నెల పద్నాలుగో తేదీ తెల్లవారకముందు జెడ్డా నుంచి వచ్చిన విమానం దిగగానే లోపల పొగ పుట్టింది. కరెంటు ఆపేసి జనాన్ని హడావుడిగా దించినారు. అప్పుడు వెనక వరుసల్లో దారి చూపించే దీపాలు వెలగలేదు. ఏడుగురికి దెబ్బలు తగిలినాయి. ముందు రోజు ఆ దీపాలు పరీక్ష చేసి, బాగున్నాయని సంతకం పెట్టింది మీరు."

"సంతకం వీనిదేనా?"

"ఆయనదే మామా."

"ఊఁ. తర్వాత?"

"వెనక నిలబడి దీపాలు చూసింది మెకానిక్ సంధ్య అనీ, అన్నీ బాగా వెలుగుతున్నాయని ఆమె చెబితేనే సంతకం పెట్టినాననీ మీరు మాకు రాసిచ్చినారు. సంధ్య దాన్ని ఒప్పుకోవడం లేదు. కాబట్టి సోమవారం పది గంటలకు మీరు కమిటీ ముందుకు వచ్చి..."

అక్కడ ఆగిపోయింది. మొదటిసారి చదివినప్పుడు ఆ పేరు మీదుగా గబగబా దాటిపోయింది. ఈసారి దాటలేకపోయింది.

"సంధ్య అంటే మన సంధ్యేనా?"

తిమోతి తల ఊపాడు.

బనగానపల్లె సంధ్య ఆరేళ్లుగా తిమోతితో కలిసి పనిచేస్తోంది. మామిడికాయల కాలంలో పుట్టింటికి వస్తే, తిరిగిపోతూ నంద్యాలలో బస్సు దిగి ఒక గంప ఈ ఇంట్లో పెట్టిపోతుంది. జ్యోత్స్న నంద్యాల పెద్దాసుపత్రిలో నర్సు. సంధ్య బిడ్డ పుట్టింది ఆమె చేతుల్లోకే.

"నాలుగు దినాల నుంచి ఫోన్ చేస్తాంది," అంది జ్యోత్స్న. "ఎత్తొద్దంటివి. ఆఫీసు గొడవలు, నీకెందుకు అంటివి. నేను ఎత్తల్యా. ఒళ్లు బాగలేక లీవు పెట్టినా అంటివి. అదీ నమ్మితి."

"లీవు కాదు," అన్నాడు తిమోతి. "మూడు వారాలైంది నన్ను పనిలోంచి పక్కన పెట్టి."

"అది నువ్వు చెప్పింది గాదు. కాయితంలోనే ఉండాది."

ఏసయ్య మొదటిసారి కొడుకు వైపు తిరిగాడు.

"రేయ్. నేనొకటే అడుగుతా. ఆ దీపాలు ఎలిగినాయా, ఎలగలేదా?"

వీధిలో బేతంచెర్ల బండల లారీ ఒకటి పోయింది. ఆ చప్పుడు మధ్యలోనే తిమోతి చెప్పాడు.

"ఎలిగినాయి నాయనా. రెండు నిమిషాలు."

"ఎంతసేపు ఎలగాల?"

"పది నిమిషాలకు తక్కువ కాకూడదు."

"తక్కువైతే?"

"జనం దిగేలోపల చీకటై పోతాది."

ఏసయ్య ముప్పై రెండేళ్లు కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. బ్యాటరీలూ, వైర్లూ ఆయనకు విప్పి చెప్పనక్కర్లేదు. అయినా చెప్పమన్నట్టు చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు కింద తిమోతి మాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"విమానం పైకప్పులో చిన్న చిన్న బ్యాటరీ పెట్టెలుంటాయి నాయనా. పెద్ద కరెంటు పోతే అవే నేల మీది దీపాలను, వాకిండ్ల మీది గుర్తులను ఎలిగిస్తాయి. ఆ పొద్దు స్విచ్చి వేసి చూస్తే అన్నీ ఎలిగినాయి. రెండు నిమిషాలకు వెనకవి మసకబారి ఆరిపోయినాయి. మొదట వైరు ఒదులుందేమో అనుకున్నా. కనెక్షన్లు ఊడదీసి మళ్లా బిగిచ్చినా. అయినా అంతే. అప్పుడు ముందు పెట్టె తీసి వెనకా, వెనక పెట్టె తీసి ముందరా పెట్టి చూసినా. ఈసారి వెనకవి నిలబడినాయి, ముందువి ఆరిపోయినాయి."

"పెట్టెదే తప్పు."

"పెట్టెదే. లోపల బ్యాటరీ అయిపోయింది. పది నిమిషాల్లో కనుక్కున్నా."

ఆ చివరి మాటలో, ఏళ్ల తరబడి అలవాటైన గర్వం తనకు తెలియకుండానే తొంగిచూసింది. మరుక్షణమే తిమోతి చెవులు వేడెక్కాయి. ఎక్కడ ఏ దీపం మిణుకుమన్నా కారణం పట్టేస్తాడని, విమానాలు నిలిపే హ్యాంగర్‌లో అతనికి పేరు. తప్పు ఎక్కడుందో తెలియక చేసిన పని కాదిది.

"కనుక్కొని?"

"స్టోరులో ఇంకో పెట్టె లేదు. విమానం పోవడానికి గంట కూడా లేదు. ఉన్నదున్నట్టు రాస్తే ఆగిపోతాది. అంతకు ముందు వారమే నా వల్ల ఒకటి ఆలస్యమైందని అందరి ముందర నిలబెట్టి అడిగినారు. అందుకని... యాడి పెట్టెలు ఆడ పెట్టేసి స్విచ్చి మళ్లా వేసినా. వేసిన చెణంలో ఎలిగినాయి. బాగుండాయని రాసినా."

"ఆ యమ్మి యాడుంది అప్పుడు?"

"వెనకాల."

"ఏమనింది?"

తిమోతి గుమ్మం చెక్కను గోరుతో గీకాడు.

"నిన్నే అడిగేది. ఏమనింది?"

"అన్నా, ఆరిపోయినాయి అని అరిచింది. రెండుసార్లు."

జ్యోత్స్న కాగితాన్ని పాత మడతల మీదే మడిచి స్టూలు మీద పెట్టింది. లోపలికి పోయి, డ్యూటీ చీర కట్టుకొని, సంచీ భుజాన వేసుకొని వచ్చింది. డ్యూటీకి ఇంకా రెండు గంటల టైముందని ముగ్గురికీ తెలుసు.

"జ్యోత్స్నా," అన్నాడు తిమోతి.

"నన్నేం అడగొద్దు. ఆ పిల్ల ఫోన్ మోగుతాంటే పక్కన పెట్టుకొని అన్నం తిన్నా నేను." గుమ్మం దాటబోతూ మామ వైపు తిరిగింది. "అన్నం ఉండాది మామా. తినండి."

భర్తను తినమనలేదు.

ఆమె అడుగుల చప్పుడు మెట్ల మీద వినబడినంతసేపూ తండ్రీకొడుకులు కదల్లేదు.

"స్తంభం ఎక్కే ముందర కిందోడు ఒక మాట చెప్తాడు," అన్నాడు ఏసయ్య. గొంతు పెంచలేదు. "లైను ఆపినా, ఎక్కు అంటాడు. ముప్పై రెండేండ్లు ఆ మాట ఒకటి నమ్మి వైరు పట్టుకున్నా. వాడు నీ అట్లాటోడయ్యుంటే నువ్వు పుట్టేదానికి ముందే నన్ను పూడ్చిపెట్టేటోళ్లు."

"తప్పైపోయింది నాయనా."

"తప్పు చేసినోడు తప్పు చేసినా అంటాడు. నువ్వు ఆడపిల్ల పేరు రాసిచ్చినావ్." ఏసయ్య గ్లాసు వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "బీజాన్ కాలు ఇరిగింది యా విమానంలోనో తెలుసునా నీకు?"

తిమోతి తల వంచుకున్నాడు. తెలుసు. ఆళ్లగడ్డలో తమ ఇంటి వెనక వీధి గాజుల సైదా సాహెబు భార్య బీజాన్. మక్కాకు ఉమ్రా యాత్ర పోయి తిరిగొస్తూ విమానంలో పడిందని తల్లి శాంతమ్మ ఫోన్లో చెప్పిన రోజే తేదీ అడిగి తెలుసుకున్నాడు.

"అందుకేనా మూడు వారాల నుంచి ఆళ్లగడ్డ మొహం చూడంది?"

"అందుకే నాయనా."

"వాళ్లింటికి పండ్లు తీసుకొని పోయి నేనేం చెప్పినానో తెలుసునా? నా కొడుకు చేసేది ఆ దీపాల పనే, వాడు చూసిన విమానమైతే నీకిట్ల జరగనిచ్చేటోడు కాదమ్మా అని చెప్పినా." ఏసయ్య లేచాడు. "పా."

"యాడికి?"

"ఆళ్లగడ్డకు. ఆయమ్మ దగ్గరికి."

"సోమవారం కమిటీ ముందర చెప్తా నాయనా. ముందే ఊళ్లో..."

"పా అంటాండా."

*

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. ఏసయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. శిరివెళ్ల దాటాక కండక్టరు పలకరించాడు. "ఏం ఏసయ్యన్నా, కొడుకు వచ్చినాడే! విమానాలాయన కదా?"

ఏసయ్య తల ఊపాడు. అవునన్నాడో కాదన్నాడో కండక్టరుకు అర్థం కాలేదు. తిమోతికి మాత్రం అర్థమైంది. పన్నెండేళ్లుగా ఆ ప్రశ్న ఎవరు అడిగినా తండ్రి కనీసం పావుగంట మాట్లాడేవాడు.

సైదా సాహెబు ఇంటి ముందు గదే గాజుల అంగడి. వెనక గదిలో మంచం మీద బీజాన్, మోకాలి దాకా కట్టుతో, దిండుకు ఆనుకొని కూర్చుని ఉంది. తండ్రీకొడుకులను చూసి ముసుగు సర్దుకొని నవ్వింది.

"రా ఏసయ్యన్నా. కొడుకును పిల్చుకొచ్చినావే! కూచో బేటా, కూచో. ఏమండీ, టీ చెప్పండి."

సైదా సాహెబు పక్క అంగడికి టీ కోసం కేకేసి, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వొస్తే ఒక మాట అడగాలని ఉంటి బేటా," అంది బీజాన్. "ఆ పొద్దు పొగ ముందర నుంచి వస్తాంది. వెనక్కి రాండి, వెనక్కి రాండి అని ఆ విమానంలో పనిచేసే పిల్లలు అరుస్తాన్నారు. వెనక్కి తిరిగి చూస్తే నాకంతా చీకటే. ముందర పక్క నేల మీద దీపాలు ఎలుగుతాన్నాయి. ఎలుతురు ఉన్న పక్కే దారి అనుకొని పోయినా. అందరూ ఎదురొచ్చి మీద పడినారు."

"మిగతా గుంపంతా వెనక వాకిలి నుంచే దిగింది," అన్నాడు సైదా సాహెబు. "ఈమెకే కనపడలేదు. కంట్లో పొర తీయించుకో అని మూడేండ్లుగా చెప్తాండా. ఇంటేనా?"

బీజాన్ నవ్వు తగ్గిపోయింది. దుప్పటి అంచు వేళ్లకు చుట్టుకుంటూ అంది. "మా గుంపులో ఆడోళ్లు చెప్పుకుంటాన్నారంట. అందరూ ఒక దారిన పోతే బీజాన్ పొగలోకి పోయింది, ఆమెకు అడ్డమొచ్చి ఇంకో ఇద్దరు పడినారు అని. నాకు బయటికి పోవాలంటే సిగ్గయితాది. నువ్వు ఆ పనే చేస్తావంట గదా. నిజం చెప్పు బేటా. ముసలి కండ్లకు ఆ దీపాలు ఆనవా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఏసయ్య కొడుకు వైపు చూడలేదు.

ఒక్క మాట చాలు. కొందరికి ఆనవమ్మా అంటే చాలు. ఆ ముసలామె అది నమ్మడానికి సిద్ధంగా ఉంది. నమ్మి, కంటి ఆపరేషనుకు ఒప్పుకొని, బతికినన్నాళ్లూ ఆ ఇద్దరినీ తానే పడేశాననుకుంటుంది. ఆ మాట తిమోతి నాలుక మీదికి వచ్చింది కూడా. మూడు వారాల నుంచి అలాంటి మాటలు అతనికి అలవాటైపోయాయి.

"నీ కండ్లదేం తప్పు లేదమ్మా," అన్నాడు. "ఆడ దీపాలే లేవు."

"లేవా?"

"ఆరిపోయినాయి. ముందు రోజే వాటి బ్యాటరీ పనికిరాదని తెలుసు."

"ఎవరికి?"

"నాకు."

సైదా సాహెబు గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు.

"చూసింది నేనేనమ్మా. చెడిపోయిందని తెలిసీ బాగుంది అని సంతకం పెట్టినా. మిగతా వాళ్లు ఆ వాకిలి పక్కనే ఉన్నారు కాబట్టి అరుపులు ఇని తడుముకుంటా దిగినారు. నువ్వు దూరంగా ఉన్నావు. నీకు దారి చూపించాల్సింది ఆ దీపాలే."

"ఆడపిల్ల మెకానిక్కుది తప్పంట గదా?" అన్నాడు సైదా సాహెబు. "మా తమ్ముని కొడుకు ఫోన్లో వార్త చూపిచ్చినాడే! ఆ పిల్లకు నేను పెట్టని శాపం లేదు. నమాజులో కూడా తిట్టుకున్నా."

"ఆ పిల్ల చెప్పింది. నేనే ఇనల్యా. తర్వాత ఆ పిల్ల మీద చెప్పినా."

సైదా సాహెబు అతని మొహంలోకి చూశాడు. తర్వాత ఏసయ్య వైపు చూశాడు. పండ్లు తెచ్చి, కొడుకును పొగిడి పోయిన మనిషి చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని నేలకేసి చూస్తున్నాడు. సైదా సాహెబు అంగడిలోకి వెళ్లిపోయాడు. గాజుల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడుతున్న చప్పుడు వినిపించింది.

బీజాన్ ముసుగు మొహం మీదికి లాక్కుంది. ఏడుస్తోందేమో అనుకున్నాడు తిమోతి. కాదు. కాసేపటికి తనలో తాను అన్నట్టు అంది.

"నా కండ్లు బాగనే ఉండాయి."

"బాగనే ఉండాయమ్మా."

"ఆ పిల్ల పేరేంది?"

"సంధ్య."

"ఈ మాట సంధ్యకు చెప్పినావా?"

"ఇంకా లేదు."

"మరి నాకు ముందు చెప్పేదేంది?" ముసుగు తీసి సూటిగా చూసింది. "నాకు ఇరిగింది కాలు. నెలకో రెండు నెలలకో అతుక్కుంటాది. పో. ఆ పిల్లతో మాట్లాడు పో."

టీ వచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు.

*

తిమోతి వీధిలోకి వచ్చి, మసీదు గోడ పక్కన నీడలో నిలబడి ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తింది.

"చెప్పన్నా," అంది సంధ్య. గొంతులో కోపం లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"సంధ్యా, సోమవారం కమిటీ ముందర ఉన్నదున్నట్టు చెప్తా. నీ తప్పేం లేదని చెప్తా."

అవతల ఎక్కడో చిన్నబిడ్డ ఏదో అడుగుతోంది. ఎవరో పెద్దావిడ ఊరుకోబెడుతోంది.

"బనగానపల్లెలో ఉన్నావా?"

"పొద్దున వచ్చినా. నిన్న సాయంత్రం రాసిచ్చి వచ్చేసినా అన్నా."

"ఏం రాసిచ్చినావ్?"

"తప్పు నాదేనని. రాజీనామా కూడా."

తిమోతి గోడకు చెయ్యి ఆనించాడు. "ఎందుకట్ల చేస్తివి?"

"ఎందుకా?" మొదటిసారి ఆమె గొంతు మారింది. "నీది పన్నెండేండ్ల సర్వీసు. సంతకం పెట్టినాయన అబద్ధం ఎందుకు చెప్తాడమ్మా అన్నారు. ఒప్పుకుంటే మర్యాదగా పోతావు, లేదంటే ఇంక యాడా విమానం మీద చెయ్యి పెట్టనియ్యరు అన్నారు. జ్యోత్స్నక్కకు చేసినా. ఆయమ్మ ఒక మాట నిన్ను అడుగుతాదేమో అనుకున్నా. ఎత్తల్యా. మా అమ్మ పక్కన కూచోని సంతకం పెట్టేయ్ పాపా అని ఏడ్చింది. పెట్టేసినా."

"నేను చెప్తా సంధ్యా. నేను చెప్తే..."

"నువ్వు చెప్తే నమ్ముతారులే. మూడు వారాలు నేను చెప్పిన మాటే. నీ నోట్లోంచి వస్తే నమ్ముతారు. చెప్పేదుంటే ఆడ చెప్పు. నాకు ఫోన్ చెయ్యొద్దు, అన్నా."

ఇంకా అన్నా అనే అంది. ఫోన్ పెట్టేసిన తర్వాత ఆ పిలుపు తిమోతి చెవిలో నిలిచిపోయింది. ఆరేళ్లుగా పిలుస్తున్నా, ఇంత మోయలేనిదిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఏసయ్య సైదా సాహెబు ఇంటి నుంచి బయటికి వచ్చాడు. కొడుకు మొహం చూసి దగ్గరికి నడిచాడు.

"ఏమంటాది?"

తిమోతి చెప్పాడు.

"ఆయమ్మి సంతకం పెట్టినంక నీ మాట ఇంటారా?"

"తెలీదు నాయనా. వాళ్లకు ఫైలు మూసుకుంటే చాలు. ఇనకపోవచ్చు."

"ఇనకుంటే?"

తిమోతి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వీధి చివర ఇద్దరు ఆడవాళ్లు వాళ్లను చూసి మాట ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. అంగడిలో గాజుల పెట్టెల చప్పుడు ఆగింది. సైదా సాహెబు బయటికి వచ్చి చూస్తాడేమో అనుకున్నాడు తిమోతి. రాలేదు.

"ఆదివారం పొద్దున హైదరాబాదు బస్సుకు పోదాం," అన్నాడు ఏసయ్య.

"పోదామా? నువ్వెందుకు నాయనా? ఆదివారం చర్చిలో వాక్యం చదివేది నువ్వే గదా."

"ఇంకెవరన్నా చదువుతారు."

"నేను పోతా. ఒక్కన్నే పోతా. చెప్తా అంటే చెప్తా."

ఏసయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. ఎండకు కాదు. తుడుచుకున్నాక కూడా గుడ్డను కళ్ల దగ్గరే కాసేపు ఉంచుకున్నాడు.

"నువ్వు ఆ కమిటీ గదిలోకి పోయేది నా కండ్లతో చూడాల," అన్నాడు. "అంతవరకే వస్తా. లోపలికి రాను."

నన్ను నమ్ము నాయనా అనబోయాడు తిమోతి. నోరు తెరిచాడు కూడా. తండ్రి అప్పటికే రెండు సీట్లు చెప్పి పెట్టడానికి బస్టాండు వైపు నడుస్తున్నాడు.